గుంత మీద బండ వేశాక

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతంలో ఇళ్లు కట్టే ఏ మేస్త్రీని అడిగినా ఒక మాట చెబుతాడు: రేగడి నేల నీళ్లు తాగదు. ఎండాకాలం నెర్రెలు విచ్చినప్పుడు మొదటి వానను గటగటా తాగేస్తుంది. ఆ తర్వాత మట్టి ఉబ్బి నెర్రెలు పూడుకుంటాయి, పైన పడ్డ నీరు పైనే నిలుస్తుంది. కుందూ లోయలో వరికీ శనగకూ ఈ గుణం మేలే చేసింది. సెప్టిక్ ట్యాంకుకు మాత్రం ఇదే పెద్ద చిక్కు. ట్యాంకు దాటి వచ్చిన నీరు నేలలో ఇంకిపోవాలి. ఆ ఏర్పాటంతా దాని మీదే నిలబడి ఉంది. ఇంకని నేలలో ఆ నీరు ఎటు పోవాలి?

జవాబు ఏ వీధిలో నిలబడ్డా కనిపిస్తుంది. ప్రహరీ గోడ కింద నుంచి నాలుగంగుళాల పైపు సైడు కాలువలోకి దిగి ఉంటుంది. నంద్యాలలో ఆ నీళ్లు చామకాల్వలోనో మద్దిలేరులోనో కలిసి కుందూకు చేరతాయి. కుందూ కోవెలకుంట్ల మీదుగా దక్షిణానికి సాగి కడప జిల్లాలో పెన్నలో కలుస్తుంది. ఇంట్లో వాళ్లకు మురుగు కళ్ల ముందు నుంచి పోయింది కాబట్టి సమస్య తీరినట్టే. దిగువన ఆ నీటితో బతికేవాళ్లకు అక్కడే మొదలవుతుంది.

ఈ మధ్య ఈ చిక్కుకు ఒక మందు ప్రచారంలోకి వచ్చింది. ట్యాంకులోకి గాలి ఊది, మురుగును అక్కడికక్కడే శుభ్రం చేసి, ఆ నీటిని తోటకు పారించే చిన్న యంత్రాలు. పెద్ద నగరాల గేటెడ్ కాలనీల్లో మొదలై, హాస్టళ్లూ లాడ్జీలూ కట్టేవాళ్ల దగ్గరికి, సొంత ఇల్లు కట్టుకునేవాళ్ల దగ్గరికీ ఇప్పుడు వాటి కరపత్రాలు వస్తున్నాయి. ధర చెబుతారు, నీళ్లు ఎంత తేటగా వస్తాయో గాజుగ్లాసులో పట్టి చూపిస్తారు. ఏఎంసీ, అంటే ఏడాది నిర్వహణ ఒప్పందం, గురించి మాత్రం చివరి పేజీలో ఒక్క వాక్యం ఉంటుంది. యంత్రం మంచిదా కాదా అన్నదానికన్నా ఆ చివరి పేజీయే ముఖ్యమని నా అభిప్రాయం. గాలి యంత్రమైనా పాత సెప్టిక్ ట్యాంకైనా, కట్టిన రోజు కంటే కట్టిన తర్వాతి ఇరవై ఏళ్లు ఎవరు చూసుకుంటారన్నదే దాని నాణ్యతను తేలుస్తుంది. మన దగ్గర ఆ బాధ్యత ఎవరి నెత్తిమీదా లేదు.

ముందు పాత ట్యాంకు సంగతి చూద్దాం, ఎందుకంటే ఈ రెండు పట్టణాల్లో ఎక్కువమంది బతికేది దానితోనే. సెప్టిక్ ట్యాంకు కట్టడానికి దేశంలో ఒక ప్రమాణం ఉంది. భారత ప్రమాణాల సంస్థ ఇచ్చిన ఐఎస్ 2470, 1985 నాటిది. అందులో ట్యాంకు కనీసం వెయ్యి లీటర్లు పట్టాలి, నీటి మట్టం కింద కనీసం ఒక మీటరు లోతుండాలి, పొడవు వెడల్పుకు రెండు నుంచి నాలుగు రెట్లుండాలి అని ఉంది. లోపలికి వచ్చిన మలం అడుగున మడ్డిగా దిగుతుంది, నూనె, సబ్బు నురగ పైన తెట్టుగా పేరుకుంటాయి, మధ్యలో కాస్త తేటపడ్డ నీరు బయటికి పోతుంది. గాలి తగలని చోట బతికే సూక్ష్మజీవులు ఆ మడ్డిని మెల్లగా అరిగిస్తాయి. నంద్యాల ఎండలు వాటికి అనుకూలమే, వేడికి అవి చురుగ్గా పనిచేస్తాయి. అయినా అంతా అరగదు. ఒక మనిషికి ఏడాదికి సుమారు నలభై లీటర్ల మడ్డి మిగులుతుంది. అయిదుగురున్న ఇంట్లో మూడేళ్లకు ఆరు వందల లీటర్లు. రెండు వేల లీటర్ల ట్యాంకులో దాదాపు మూడో వంతు. అక్కడికి వచ్చాక తోడించకపోతే నీరు నిలవడానికి చోటు చాలదు, మడ్డి నీటితో పాటు బయటికి కొట్టుకుపోతుంది. అందుకే ఆ ప్రమాణం చిన్న ఇళ్ల ట్యాంకులను సైతం కనీసం రెండేళ్లకోసారి శుభ్రం చేయమంటుంది.

మన ఇళ్లలో ఎప్పుడు తోడిస్తారు? లెట్రిన్‌లో నీళ్లు పోస్తే దిగనప్పుడు. అప్పటికి పదేళ్లు గడిచి ఉంటాయి, కొన్నిచోట్ల ఇరవై. 'మా గుంత కట్టినకాడి నుంచి నిండలేదు' అని గొప్పగా చెప్పుకునే ఇళ్లున్నాయి. నిండకపోవడానికి కారణం దాని అడుగు కట్టకపోవడం గానీ, సైడు కాలువ పైపు గానీ అయి ఉంటుంది. మడ్డి ఎటో ఒకవైపు పోతూనే ఉంది.

తోడించే రోజు ఏం జరుగుతుందో ఒకసారి దగ్గరగా చూడాలి. సక్షన్ బండి సందులోకి వెనక్కి వస్తుంది. డ్రైవరు దిగి 'అక్కా, మూత యాడుంది?' అని అడుగుతాడు. ఇంటామెకు తెలియదు. ఇల్లు కట్టించిన మామగారికి తెలిసేది, ఆయన లేరు. పోర్టికో అంతా బేతంచెర్ల బండలు పరిచి, సందులు సిమెంటుతో నింపి, అంచులకు పాలిష్ పట్టించారు. ఏ బండ కింద గుంత ఉందో గడ్డపారతో తట్టి, చప్పుడు విని పోల్చుకోవాలి. బోలుగా మోగిన చోట ఒక బండను ఉలితో పగలగొడతారు. మూత తీశాక పైన గట్టిపడ్డ తెట్టు జానెడు మందం ఉంటుంది, పైపు దాన్ని లాగలేదు. కర్రతో పొడిచి, నీళ్లు పోసి, కలిపి, మళ్లీ పైపు దించుతారు. అడుగున ఇసుకలా గట్టిపడిన మడ్డి పైపుకు రాదు. ఆ క్షణంలోనే ఒక మనిషిని లోపలికి దించాలన్న ఆలోచన వస్తుంది. అది చేయకూడని పని, నేరం కూడా. పైన పరిచిన బండ ఎంత అందంగా ఉందో, తోడేవాడికి అంత ప్రమాదం. కట్టేటప్పుడు రెండు అడుగుల చదరం మూత ఒకటి, పైకి తేలికగా లేపేలా రింగు పెట్టించుకోవడం ఎంతో ఖర్చు కాదు. ఆ ఒక్క పని చేయించని ఇంటికి ఏ నిర్వహణ ఒప్పందమూ పనికిరాదు.

నీరు నేలలో ఇంకే సంగతికి వస్తే, ఐఎస్ 2470 రెండో భాగం దాన్ని లెక్కతో చూస్తుంది. గుంత తవ్వి నీళ్లు పోసి, మట్టం అంగుళం, అంటే 25 మిల్లీమీటర్లు, దిగడానికి ఎంతసేపు పడుతుందో కొలవాలి. అరగంట లోపైతే ఇంకుడు గుంత చాలు. గంట దాటితే ఇంకుడు గుంతా ఇంకుడు కాలువలూ రెండూ పనికిరావు. అప్పుడు కంకర, రాళ్ల మీదుగా నీటిని పారించి శుభ్రం చేసే వడపోత కట్టాలి. నల్లరేగడిలో చాలాచోట్ల, ఉబ్బిన స్థితిలో కొలిస్తే, గంట దాటుతుందన్నది ఊహించలేనిది కాదు. అయినా నంద్యాలలో ఇల్లు కట్టేముందు ఆ పరీక్ష చేయించిన ఇల్లు కనబడటం కష్టం. జిల్లాలో మరోవైపు, బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల దిక్కున, కథ తలకిందులవుతుంది. అక్కడ సున్నపురాయి. బెలుం గుహలు చూసినవాళ్లకు ఆ రాతిలో నీరు ఎలా దారులు తొలుచుకుపోతుందో వేరే చెప్పనక్కర్లేదు. అక్కడ నీరు ఇంకదన్న బాధ లేదు, వడపోత లేకుండానే పగుళ్లగుండా బోరు దాకా వెళుతుందన్న బాధ ఉంది. తాగునీటి బావికి ఇంకుడు ఏర్పాటు 18 మీటర్ల దూరంలో ఉండాలన్న నియమం మట్టిని నమ్మి రాసింది. పగులున్న రాతిలో అంత దూరం ఏ మూలకూ చాలదు. ఒకే జిల్లాలో ఒకచోట నీరు పైకి తేలుతుంది, ఇంకోచోట కిందికి జారిపోతుంది. రెండుచోట్లా మేస్త్రీ తవ్వే గుంత మాత్రం ఒకటే.

గాలి యంత్రం ఇక్కడే ఆకర్షిస్తుంది. నేలతో పని లేకుండా నీటిని ముందే శుభ్రం చేస్తానంటుంది. ఆ మాటలో అబద్ధం లేదు. అది పనిచేసే తీరు ఇలా ఉంటుంది. మొదటి గది మామూలు సెప్టిక్ ట్యాంకే, చెత్తా మడ్డీ అక్కడ ఆగుతాయి. రెండో గదిలోకి బ్లోయర్ రాత్రింబవళ్లు గాలి ఊదుతుంది, గాలి పీల్చే సూక్ష్మజీవులు అక్కడ బాగా పెరిగి మురుగును తినేస్తాయి. మూడో గదిలో ఆ జీవుల ముద్ద అడుగుకు దిగి, తేటనీరు పైకి తేలుతుంది. చివర క్లోరిన్ బిళ్లల మీదుగా పారి తోటకు పోతుంది. సెప్టిక్ ట్యాంకు మురుగులోని కాలుష్యాన్ని మహా అయితే సగానికి తగ్గిస్తుంది. ఇది బాగా నడిస్తే పదో వంతుకు తెస్తుంది. అమెరికాలో ఇళ్ల యంత్రాలకు వాడే ఎన్ఎస్ఎఫ్ 40 ప్రమాణం, నెల సగటున లీటరుకు బీఓడీ, అంటే మలినం కుళ్లడానికి లాగే ప్రాణవాయువు, 25 మిల్లీగ్రాములు, తేలే మలినాలు 30 మిల్లీగ్రాములు దాటకూడదంటుంది. నాకు అంతకన్నా విలువైనదిగా తోచింది అదే ప్రమాణంలోని మరో షరతు. యంత్రంతో పాటు మొదటి రెండేళ్లలో నాలుగుసార్లు మనిషి వచ్చి చూసే సేవ కూడా అమ్మేవాడే ఇవ్వాలి. సేవ లేని యంత్రానికి ఆ ముద్రే రాదు.

ఈ యంత్రాలు ఇంటింటా నడుస్తున్న నేల ఒకటి మన రేగడికి స్వయానా తోబుట్టువు. టెక్సాస్‌లో డల్లాస్ దగ్గర నుంచి వేకో, ఆస్టిన్ మీదుగా శాన్ ఆంటోనియో వైపు సాగే బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ. పేరే నల్లనేల. మట్టి శాస్త్రంలో దాన్నీ మన నల్లరేగడినీ వెర్టిసోల్ అనే ఒకే కుదురులో వేస్తారు. అక్కడా పత్తి పండింది, అక్కడా ఎండకు నేల నెర్రెలిస్తుంది, ఇళ్ల గోడలు బీటలు వారతాయి. ఆ నగరాల చుట్టూ మన తెలుగువాళ్లు వేల సంఖ్యలో ఉన్నారు. పట్టణంలో ఉన్నవాళ్లకు మున్సిపల్ పైపులుంటాయి. ఎకరం రెండెకరాల స్థలం కొని ఊరి బయట ఇల్లు కట్టుకున్నవాళ్లకు ఉండవు. అక్కడి నిబంధనలు బంకమట్టిని నాలుగో తరగతి నేలగా లెక్కేసి, మామూలు ఇంకుడు కాలువలకు ఒప్పుకోవు. కాబట్టి చాలామందికి గాలి యంత్రం, పచ్చికమీద నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లే గతి.

ఆ యంత్రానికి అక్కడ చట్టం ఒక మనిషిని కట్టిపెట్టింది. టెక్సాస్ పర్యావరణ నాణ్యత కమిషన్ నిబంధనల ప్రకారం మొదటి రెండేళ్లు నిర్వహణ ఒప్పందం అమర్చిన ధరలోనే కలిసి ఉంటుంది. లైసెన్సున్న మనిషి నాలుగు నెలలకోసారి, అంటే ఏడాదికి మూడుసార్లు రావాలి. బ్లోయర్ గాలి వస్తోందా, అలారం దీపం వెలుగుతోందా, స్ప్రింక్లర్లు తిరుగుతున్నాయా, మడ్డి ఎంత లోతుంది, క్లోరిన్ మిగులు లీటరుకు కనీసం ఒక మిల్లీగ్రాము ఉందా అని చూసి రాయాలి. అసలు కీలకం ఆ తర్వాత ఉంది. ఆ కాగితం ఇంటాయనకే కాక, అనుమతి ఇచ్చిన స్థానిక కార్యాలయానికి కూడా చేరాలి. ఒప్పందం తప్పితే కార్యాలయానికి తెలుస్తుంది, ఉత్తరం వస్తుంది. రెండేళ్ల తర్వాత ఒప్పందం ఇంటివాళ్లే కొనసాగించుకోవాలి. ఏడాదికి సుమారు 200 నుంచి 400 డాలర్లు అవుతుంది, మడ్డి తోడించడం, విడిభాగాలు అదనం. కొన్ని కౌంటీల్లో సొంత ఇంటివాళ్లు తామే చూసుకోవచ్చు.

తామే చూసుకునేవాళ్లు ఎక్కడ దెబ్బతింటారో తెలిస్తే మన దగ్గర ఏం జరగబోతుందో ఊహించవచ్చు. ఒకటి, బిళ్లలు. మురుగుకు కాల్షియం హైపోక్లోరైట్ బిళ్లలు వాడాలి. ఈతకొలను బిళ్లలు చౌకగా దొరుకుతాయని అవే వేస్తారు. అవి వేరే రసాయనం. తడిసిన గొట్టంలో రెండూ కలిస్తే పేలే ప్రమాదం ఉంది. రెండు, అలారం. రాత్రి బజర్ మోగితే నిద్ర చెడుతుందని తీగ పీకేస్తారు. మూడు, బ్లోయర్. లోపలి రబ్బరు పొర కొన్నేళ్లకు చిరుగుతుంది, మోటారు చప్పుడు వస్తూనే ఉంటుంది, గాలి మాత్రం రాదు. వినేవాడికి యంత్రం నడుస్తున్నట్టే ఉంటుంది. ఒకటి రెండు రోజులు గాలి ఆగితే లోపలి జీవులు చావడం మొదలవుతుంది. ఆ తర్వాత స్ప్రింక్లర్ చిమ్మేది పచ్చి మురుగు, అదీ పిల్లలాడే పచ్చికమీద, గాలిలోకి. పాడైన సెప్టిక్ ట్యాంకు కన్నా పాడైన గాలి యంత్రం ప్రమాదకరమని నేను అనేది ఇందుకే.

జపాన్ ఇంకో మెట్టు ముందుకు వెళ్లింది. జోకాసో అని పిలిచే ఇంటి యంత్రాలకు అక్కడ 1983లోనే ప్రత్యేక చట్టం చేశారు. ఆ చట్టం మూడు పనులను మూడు చేతుల్లో పెట్టింది. చిన్న ఇళ్లకు సాధారణంగా నాలుగు నెలలకోసారి యంత్రం చూసి సరిచేసేవాడు ఒకరు. ఏడాదికోసారి మడ్డి తోడేవాడు మరొకరు. ఈ ఇద్దరూ పని సరిగ్గా చేశారా అని ఏడాదికోసారి నీటిని పరీక్షించే సంస్థ వీరిద్దరికీ సంబంధం లేని మూడోది. 2001 నుంచి మరుగుదొడ్డి నీటినే శుభ్రం చేసే పాతరకం యంత్రాలను కొత్తగా పెట్టనివ్వడం మానేశారు, వంటింటి నీళ్లు, స్నానాల నీళ్లు కూడా దాని గుండానే పోవాలి. అంత క్రమశిక్షణ గల దేశంలోనూ ఏడాది పరీక్షకు రాని ఇళ్లు చాలానే ఉన్నాయి. అయినా బాగుచేసేవాడి పనిని బయటివాడు చూడాలన్న ఏర్పాటు నాకు అన్నిటికన్నా నచ్చింది. మన ఏఎంసీల్లో అమ్మినవాడే చూస్తాడు, చూసినవాడే బాగుందని రాస్తాడు, డబ్బులూ అతనికే.

ఇప్పుడు ఆ యంత్రాన్ని నంద్యాల సంజీవనగర్ లాంటి కాలనీలోనో ఆళ్లగడ్డ బైపాస్ దగ్గరో ఒక కొత్త ఇంట్లో పెట్టామనుకుందాం. ఇంటి యంత్రం బ్లోయర్ 80 వాట్లనుకుంటే రోజుకు దాదాపు రెండు యూనిట్లు, నెలకు అరవై. మన కరెంటు బిల్లులు శ్లాబుల లెక్కన పెరుగుతాయి కాబట్టి ఆ అరవై యూనిట్లు చివరి, ఎక్కువ రేటు శ్లాబులో పడతాయి. రెండో నెలలోనే ఎవరో ఒకరు 'రాత్రిళ్లు ఆపేద్దాం' అంటారు. వేసవిలో గాలివానకు కరెంటు పోతే గంటలు పట్టవచ్చు. విడిభాగం హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో రావాలి. మెకానిక్ కర్నూలులో ఉంటాడు. నంద్యాలలో ఒక్క ఇంటికోసం అతను రావడం గిట్టుబాటు కాదు, పదిళ్లు కూడేదాకా ఆగుతాడు. క్లోరిన్ అయిపోతే ఎవరూ గమనించరు, ఎందుకంటే నీరు తేటగానే కనిపిస్తుంది. బాత్రూములు కడగడానికి మనం పోసే యాసిడ్ సంగతి వేరే చెప్పాలి. సీసాలకు సీసాలు పోస్తే ఏ సూక్ష్మజీవీ బతకదు, సెప్టిక్ ట్యాంకులోనైనా గాలి ట్యాంకులోనైనా. దుకాణాల్లో అమ్మే 'బ్యాక్టీరియా పొడి' కూడా మడ్డిని మాయం చేయదు, తోడే పనికి అది బదులు కాదు.

కాబట్టి విడి ఇళ్లకు ఈ రోజున గాలి యంత్రం వద్దంటాను. ట్యాంకు రెండు మూడు గదులుగా ప్రమాణం ప్రకారం కట్టుకుని, మూత పైకి కనిపించేలా పెట్టుకుని, దాని వెనక రాళ్ల వడపోత గది ఒకటి కట్టుకుంటే కరెంటు అక్కర్లేదు, మెకానిక్ అక్కర్లేదు. రెండు మూడేళ్లకోసారి తోడితే చాలు.

పెద్ద కట్టడాల విషయం వేరు. నంద్యాల బ్యాంకు కోచింగ్‌కు రాష్ట్రమంతా పేరు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పిల్లలు హాస్టళ్లలో, అద్దె గదుల్లో వందల సంఖ్యలో ఉంటారు. ఇంటర్ కాలేజీల హాస్టళ్లు సరేసరి. నలుగురి కోసం కట్టిన ఇంటి ట్యాంకు మీద అరవైమందిని పెట్టిన చోట్లు తక్కువేమీ కాదు. అలాంటి ట్యాంకు నెలల్లో నిండుతుంది, తోడించే ఖర్చు ఓనరుకు నచ్చదు, పైపు కాలువలోకి దిగుతుంది. ఒక వార్డెనో వాచ్‌మనో రోజూ ఉండే చోట, విద్యుత్తుకు జనరేటరు ఉండే చోట, ఏఎంసీకి ఏటా డబ్బు కట్టగల చోట గాలి యంత్రం న్యాయమైన పని చేస్తుంది. దాన్ని అక్కడ పెట్టించాలి, పెట్టించాక చూడాలి. 20 వేల చదరపు మీటర్లు దాటిన నిర్మాణాలకు 2006 పర్యావరణ నోటిఫికేషన్ ముందస్తు అనుమతి అడుగుతుంది. హాస్టళ్లు ఆ కొలతకు చాలా కింద ఉండిపోతాయి. మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు పునరుద్ధరించేటప్పుడు నీటి పరీక్ష కాగితం అడగడానికి అంత పెద్ద కొలత అక్కర్లేదు.

అహోబిలంలో చిక్కు మరో రకం. ఆళ్లగడ్డ నుంచి గంట దూరం కూడా లేదు. ఫాల్గుణ మాసపు బ్రహ్మోత్సవాలకు, ప్రతి నెలా స్వాతి నక్షత్రం రోజుకు లాడ్జీలు, సత్రాలు కిటకిటలాడతాయి. మిగతా రోజుల్లో గదులు ఖాళీ. గాలి యంత్రంలోని జీవులు రోజూ తిండి పడితేనే బతుకుతాయి. మూడు వారాలు పస్తు పెట్టి ఒక్క రోజున వందమంది మురుగు పోస్తే అవి అరిగించలేవు, ముద్దలు ముద్దలుగా కొట్టుకుపోతాయి. నల్లమల వాగుల ఒడ్డున అది ఊరుకోదగ్గ విషయం కాదు. అక్కడ వచ్చే మురుగును కొన్ని రోజులు నిలవచేసి మెల్లగా వదిలే పెద్ద తొట్టి ముందు ఉండాలి, పండుగకు ముందూ తర్వాతా తోడించాలి, ఒప్పందంలో ఆ తేదీలు పంచాంగం చూసి రాసుకోవాలి. మహానంది శివరాత్రికీ ఇదే వర్తిస్తుంది. బయటి ఊరి కంపెనీ అచ్చు వేసుకొచ్చిన 'మూడు నెలలకోసారి' అన్న ఏఎంసీ ఈ చోట్లకు సరిపోదు.

ఇంతకీ తోడిన మడ్డి ఎక్కడికి పోతుంది? ఒప్పందాల్లో అందరూ వదిలేసే వాక్యం ఇదే. రాత్రిపూట ఊరి చివర వాగులో గానీ, అడిగిన రైతు పొలంలో గానీ బండి ఖాళీ అయితే, ఇంటింటి ట్యాంకు శుభ్రపడి ఊరంతటి నీరు చెడుతుంది. 2017లో కేంద్రం దీనిపై జాతీయ విధానం తెచ్చింది, ఆంధ్రప్రదేశ్ కూడా అదే ఏడాది తన విధానం ప్రకటించింది. దానికి ముందే 2016లో వరంగల్ నగరపాలక సంస్థ తోడే బండ్లకు లైసెన్సు, ఇళ్లకు నియమాలు పెట్టింది. ఆ తర్వాత వరంగల్‌లోనూ మన నర్సాపురంలోనూ మడ్డిని ఆరబెట్టి కాల్చి బొగ్గులా మార్చే శుద్ధి కేంద్రాలు వచ్చాయి. తమిళనాడు 2014లో మార్గదర్శకాలిచ్చి, మడ్డి బండ్లను మురుగు శుద్ధి కేంద్రాలకు మళ్లించే పని మొదలుపెట్టింది.

వీటన్నిటికన్నా మనకు దగ్గరగా పనికొచ్చే పాఠం మహారాష్ట్రలోని వాయి. కృష్ణ ఒడ్డున, మన ఆళ్లగడ్డ అంత ఊరు. 2018 నుంచి అక్కడ మున్సిపాలిటీ ఏ ఇల్లూ పిలవకుండానే, మూడేళ్లకోసారి ప్రతి ట్యాంకునూ వీధులవారీగా తోడిస్తోంది. డబ్బు ఇంటిపన్నుతో కలిపి ఏటా కొద్దికొద్దిగా కడతారు. కాంట్రాక్టరుకు తోడిన ట్యాంకుల లెక్కన, మడ్డి శుద్ధి కేంద్రానికి చేరిన లెక్కన చెల్లిస్తారు. ఒప్పందం ఇంటికీ కంపెనీకీ మధ్య కాక, ఊరికీ కాంట్రాక్టరుకూ మధ్య ఉంది. బండి ఊరు దాటి పక్కకు మళ్లితే కాంట్రాక్టరుకే నష్టం. దీనికి ఎదురు పాఠం మలేసియాది. అక్కడ ఇండా వాటర్ సంస్థ ఇళ్ల ట్యాంకులను వరుసగా తోడుతూ వచ్చింది. 2008లో 'కోరినవాళ్లకే' అని మార్చగానే పిలిచేవాళ్లు దారుణంగా తగ్గిపోయారు. జనం చెడ్డవాళ్లని కాదు, కనిపించని మడ్డికి ఎవరూ స్వయంగా ఫోను చేయరు.

లోపలికి దిగే మనిషి గురించి చెప్పకుండా ఈ వ్యాసం ముగియకూడదు. మూసిన ట్యాంకులో హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ నిలుస్తాయి, ప్రాణవాయువు ఉండదు. హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు పెరిగితే ముక్కుకు వాసనే తెలియకుండా పోతుంది, ప్రమాదం తగ్గిందనుకుంటారు. దిగినవాడు పడిపోతే, కాపాడదామని దిగిన రెండోవాడు కూడా పడిపోతాడు. అందుకే ఈ మరణాలు ఒంటరిగా రావు. చేతులతో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం సరైన రక్షణ లేకుండా మనిషిని ట్యాంకులోకి దించడాన్ని నేరం చేసింది. మొదటి తప్పుకే రెండేళ్ల వరకు జైలు లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ఆ పనికి వ్యతిరేకంగా సాగిన పోరాటంలో ముందున్న బెజవాడ విల్సన్ కోలార్ బంగారు గనుల్లో స్థిరపడ్డ తెలుగు కుటుంబంలో పుట్టారు, 2016లో మెగసెసే అవార్డు అందుకున్నారు. ఆయన సంస్థ సఫాయి కర్మచారీ ఆందోళన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2014లో చనిపోయినవారి కుటుంబాలకు పది లక్షలు ఇవ్వమంది, 2023 అక్టోబరులో దాన్ని ముప్ఫై లక్షలకు పెంచింది. నా దృష్టిలో ఏ నిర్వహణ ఒప్పందంలోనైనా మొదటి షరతు ఇదే కావాలి: మనిషి దిగడు. ట్యాంకును సమయానికి తోడితే మడ్డి మెత్తగా ఉంటుంది, పైపుకే వస్తుంది, దిగాల్సిన అవసరమే రాదు. పదేళ్లు వదిలేసిన ట్యాంకే మనిషిని అడుగుతుంది.

ఆళ్లగడ్డ లెక్క వేసి చూస్తే, ఊళ్లో ప్రతి ట్యాంకునూ వాయిలోలా సమయానికి తోడించడం అసాధ్యమైన పని కాదని తెలుస్తుంది. 2011 జనగణనలో పట్టణ జనాభా దాదాపు ముప్ఫై వేలు. ఇంటికి నలుగురనుకుంటే ఏడున్నర వేల ఇళ్లు. మూడేళ్లకోసారి చొప్పున ఏడాదికి రెండున్నర వేల ట్యాంకులు. ఆదివారాలు, పండుగలు తీసేసి మూడు వందల పనిదినాలు పెట్టుకుంటే రోజుకు ఎనిమిది, తొమ్మిది. రోజుకు నాలుగు ట్రిప్పులు తిరిగే బండ్లు రెండు, రిపేరుకు వెళ్లినప్పుడు వాడుకోవడానికి మరొకటి. ట్యాంకుకు మూడు వేల లీటర్లనుకుంటే రోజుకు పాతిక వేల లీటర్ల మడ్డిని శుద్ధిచేసే చోటు ఒకటి కావాలి. నంద్యాల దీనికి ఏడింతలు. రెండు లక్షలు దాటిన జనానికి రోజుకు యాభై అయిదు ట్యాంకులు, పద్నాలుగు బండ్లు. అప్పటి నుంచి రెండు పట్టణాలూ పెరిగాయి కాబట్టి ఇంకో రెండు మూడు బండ్లు కలపాలి. జాతీయ రహదారి మీద ఈ రెండు ఊళ్ల మధ్య దూరం సుమారు నలభై కిలోమీటర్లే. ఆళ్లగడ్డ మడ్డిని రోజూ నంద్యాల దాకా మోయడం డీజిలు దండగ, దాని కేంద్రం దానికి ఉండాలి. మొదటి ఏడాది సగం పని బండలు పగలగొట్టి మూతలు పెట్టించడానికే సరిపోతుంది. ఆ ఖర్చులో కొంత మున్సిపాలిటీ భరించి, ప్రతి మూతకూ ఇంటి నంబరు వేసి, తోడిన తేదీ రాసుకుంటూ పోతే, రెండో చుట్టు వచ్చేసరికి డ్రైవరు 'మూత యాడుంది' అని అడగాల్సిన పని ఉండదు.